ఒకటో తేదీ ఆరో నెలా? ఆరో తేదీ ఒకటో నెలా?



వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమని తమ్ముళ్ళు కబురు చేశారు. "హాస్టల్ జ్ఞాపకాలు రాయండన్నా" అన్నారు. ట్రంకుపెట్టె గురించీ, తెల్లారుజామున బోరింగు దగ్గర వరుస గురించీ, గుడ్డు పెట్టే రోజు గురించీ నాకన్నా బాగా రాసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి బతుకుతున్నవాణ్ణి. నా పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి, దాని వల్ల మన హాస్టల్ కుర్రాడొకడు పడ్డ పాట్ల గురించి రాస్తాను. విషయం చూడ్డానికి చాలా చిన్నది. ప్రోగ్రాం నుంచి ఎక్సెల్‌లోకి జాబితా పంపేటప్పుడు తేదీని ఎలా పంపాలి అన్నది. ఇప్పుడు మనవాళ్ళలో చాలామంది కంప్యూటర్ కోర్సుల్లో చేరుతున్నారు, కొందరు ఆఫీసుల్లో డేటా పని చేస్తున్నారు. వాళ్ళు చదవాలని నా కోరిక.

కొన్నేళ్ళ క్రితం పదో తరగతి పూర్తిచేసి కాలేజీలో చేరుతున్న పిల్లలకు దరఖాస్తులు నింపిపెట్టే పని మేం కొందరం పూర్వ విద్యార్థులం నెత్తికెత్తుకున్నాం. పేరు, తండ్రి పేరు, ఊరు, పుట్టినతేదీ, అన్నీ ఒక డేటాబేసులో ఎక్కించాను. అందులోంచి సి.ఎస్.వి. ఫైలు తీసే చిన్న ప్రోగ్రాం కూడా నేనే రాశాను. పది నిమిషాల పని. ఫైలు బందరులో ఉన్న మిత్రుడికి పంపాను. ఆయన ఇంటర్నెట్ సెంటర్లో తెరిచి చూసి, అంతా బాగానే ఉందని ఎక్సెల్ ఫైలుగా సేవ్ చేసి ఇంకొకరికి పంపాడు. వాళ్ళ కంప్యూటర్లోంచి ప్రింటు తీశారు. ఆ ప్రింటు చూసి దరఖాస్తులు నింపారు.

నాగాయలంక వైపు నుంచి వచ్చిన కుర్రాడొకడికి టెన్త్ సర్టిఫికెట్లో పుట్టినతేదీ జూన్ 1. దరఖాస్తులో పడింది జనవరి 6. స్కాలర్‌షిప్పు ఆగిపోయింది. సర్టిఫికెట్ ఒకటి చెబుతోంది, దరఖాస్తు ఇంకొకటి చెబుతోంది, ఏది నిజమో తేల్చుకొని రమ్మన్నారు. వాళ్ళ నాన్న చేపల చెరువు మీద కాపలా మనిషి. ఆయన కూలి పోగొట్టుకొని కొడుకుని వెంటబెట్టుకొని బస్సెక్కి ఎన్నిసార్లు తిరిగాడో లెక్క లేదు. కుర్రాడు ఫోన్ చేసినప్పుడు నేను నవ్వేశాను కూడా. "ఏముంది తమ్ముడూ, ఫార్మాట్ మార్చుకుంటే సరిపోతుంది" అన్నాను. తర్వాత వాళ్ళ నాన్న ఫోన్ తీసుకొని ఒక మాటన్నాడు. "ఆ తేదీ మేం పెట్టింది కాదండీ, మేష్టారు పెట్టింది. ఆయన పెట్టిందే ఇప్పుడు కాదంటున్నారు."

ఆ రాత్రి నేను పంపిన ఫైలు మళ్ళీ తెరిచాను. నా ఫైల్లో 01-06 అనే ఉంది. నేనేమీ తప్పు రాయలేదు. కానీ ఇందులో మొదటి అంకె రోజు, రెండోది నెల అని ఎక్కడా చెప్పలేదు. చెప్పకపోవడమే నా తప్పు.

ఎక్సెల్ తేదీని తేదీలా దాచుకోదు. ఒక సంఖ్యగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 దానికి ఒకటి. అక్కడినుంచి రోజుకొకటి చొప్పున పెరుగుతూ 2000 జనవరి 1 నాటికి 36,526 అవుతుంది. మనకి గడిలో కనిపించేది ఆ సంఖ్యకి వేసిన చొక్కా మాత్రమే. చొక్కా మారిస్తే లోపలి మనిషి మారడు. సి.ఎస్.వి. ఫైల్లో మాత్రం సంఖ్య ఉండదు, ఉత్త అక్షరాలే ఉంటాయి. తెరిచిన కంప్యూటర్ ఆ అక్షరాలు చూసి ఇదేదో తేదీ అని తనే అనుకొని, సంఖ్యగా మార్చేస్తుంది. ఎలా మారుస్తుందన్నది ఆ కంప్యూటర్ సెట్టింగు మీద ఉంటుంది. మన దేశం సెట్టింగు ఉంటే రోజు ముందు, నెల తర్వాత. అమెరికా సెట్టింగు ఉంటే నెల ముందు, రోజు తర్వాత. బయట సెంటర్లలో కంప్యూటర్లకి అమెరికా సెట్టింగే వదిలేసి ఉండటం నేను చాలా చోట్ల చూశాను.

గుడివాడ ప్రాంతం వాళ్ళనే తీసుకుందాం, అందరికీ తెలిసిన ఇద్దరు. ఘంటసాల గారు చౌటపల్లిలో 04-12-1922న పుట్టారు, 11-02-1974న పోయారు. అక్కినేని నాగేశ్వరరావు గారు 20-09-1924న పుట్టారు, 22-01-2014న పోయారు. ఈ నాలుగు తేదీలూ ఇలాగే సి.ఎస్.వి.లో రాసి అమెరికా సెట్టింగు ఉన్న కంప్యూటర్లో తెరవండి. అక్కినేని గారి తేదీలు రెండూ గడిలో ఎడమ పక్కకి ఒత్తుకొని ఉంటాయి. ఇరవయ్యో నెల, ఇరవై రెండో నెల లేవు కాబట్టి ఎక్సెల్‌కి అర్థంకాక వాటిని అక్షరాలుగానే వదిలేస్తుంది. ఘంటసాల గారి తేదీలు బుద్ధిగా కుడి పక్కన కూర్చుంటాయి. చూడటానికి ఇవే సరిగ్గా ఉన్నట్టుంటాయి. నిజానికి పాడైనవి ఇవే. లోపల 8374 ఉండాల్సిన చోట 8138 ఉంటుంది, అంటే 1922 ఏప్రిల్ 12. మరణం 1974 నవంబర్ 2. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ కంప్యూటర్లో అది 4/12/1922 అనే కనిపిస్తుంది. మీరు పంపినట్టే ఉంది కదా అని సేవ్ చేస్తారు. ఆ ఎక్సెల్ ఫైలు మన సెట్టింగు ఉన్న ఇంకో కంప్యూటర్లో తెరిచినప్పుడే 12-04-1922 బయటపడుతుంది. నా మిత్రుడు చూసి బాగుందన్నది అబద్ధం కాదన్నమాట. ఆయనకి అలాగే కనిపించింది.

సంవత్సరంలో 365 రోజులుంటే, నెలలో పన్నెండో తేదీ లోపు రోజులు 144. వాటిలో 1-1, 2-2 లాంటివి పన్నెండు ఎటు చదివినా ఒకటే. (మన జిల్లాలు విడిపోయిన రోజు 04-04-2022 అలాంటిదే, అదృష్టవంతమైన తేదీ.) మిగిలిన 132 తేదీలు చప్పుడు చేయకుండా తలకిందులవుతాయి. తక్కిన 221 మొండికేసి అలాగే నిలబడతాయి. ఒకే వరుసలో కొన్ని తేదీలు, కొన్ని అక్షరాలు, కొన్ని తప్పుడు తేదీలు.

లెక్క ప్రకారం మూడింట ఒక వంతు కంటే కొంచెం ఎక్కువ. మన హాస్టల్ జాబితాలో మాత్రం ఆ లెక్క పనిచేయదు. ఎందుకంటే మనలో చాలామంది పుట్టినతేదీలు అమ్మ కడుపులోంచి వచ్చిన తేదీలు కావు, బడిలో చేరిన తేదీకి సరిపడేలా మేష్టారు లెక్కవేసి పెట్టినవి. జూన్ 1, జూలై 1, జూన్ 5, జూన్ 10. బడులు తెరిచేది జూన్‌లో కదా, అయిదేళ్ళు నిండినట్టు చూపించాలి. మన హాస్టల్లో ఒక గదిలో వాళ్ళందరూ ఒకేసారి పుట్టినరోజు చేసుకోవచ్చని మేం నవ్వుకునేవాళ్ళం. దివిసీమ వైపు పెద్దవాళ్ళకి ఆ మాత్రం కూడా లేదు. 19-11-1977 ఉప్పెనే వాళ్ళ కాలమానం. "ఉప్పెనకి నీ పెద్దన్న పాకుతున్నాడు", "ఉప్పెన తర్వాత రెండో వేసంగికి నువ్వు" అని చెబితే, విన్న మేష్టారు ఒక తేదీ వేశారు. ఆ తేదీలన్నీ నెల మొదట్లోనివే. అంటే కంప్యూటర్ తప్పు చదివినా తప్పని కనిపించని తేదీలే మన వాటా కింద ఎక్కువ వచ్చాయి. ఆస్పత్రిలో పుట్టి 23వ తేదీ, 27వ తేదీ రాయించుకున్న వాళ్ళ పిల్లల జాబితాలో తప్పు వెంటనే కంటపడుతుంది. మన జాబితాలో పడదు. అందుకే ఇది అందరికంటే మనం ఎక్కువ పట్టించుకోవాల్సిన విషయమని నా అభిప్రాయం.

మేష్టారు వేసిన తేదీయే అయినా, రాజ్యం దృష్టిలో అదే మన పుట్టుక. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాద నష్టపరిహారం కేసులో వయసు తేల్చడానికి ఆధార్ కార్డును పక్కనపెట్టి స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్లోని తేదీనే తీసుకుంది. ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవాళ్ళు సర్వీసు రిజిస్టరులో ఒకసారి ఎక్కిన పుట్టినతేదీని తర్వాత మార్చుకోవడం ఎంత కష్టమో మన అన్నల్ని అడగండి. దానికోసం 1984లో ప్రత్యేకంగా నియమాలే ఉన్నాయి. అంత గట్టి కాగితాన్ని పది నిమిషాల్లో రాసిన నా ప్రోగ్రాం ఒక సీజను పాటు నమ్మరానిదిగా చేసింది.

ఒకే రోజుకి రెండు తేదీలు ఉండటం మన బందరుకి కొత్తేమీ కాదు. ఊళ్ళో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట ఉన్నాయి కదా. వలందులంటే డచ్చివాళ్ళు, 1605లో ఇక్కడికి వచ్చారు. ఇంగ్లీషు కంపెనీవాళ్ళు 1611లో వచ్చారు. డచ్చివాళ్ళు గ్రెగరీ పోపు సరిచేసిన కొత్త కాలెండరు వాడేవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు 1752 దాకా పాత జూలియన్ కాలెండరే వదల్లేదు. పదిహేడో శతాబ్దంలో రెంటికీ పది రోజుల తేడా. పైగా ఇంగ్లీషువాళ్ళకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలు. ఆ లెక్కన రేవులోకి ఓడ వస్తే, వలందుల గిడ్డంగి పుస్తకంలో 1641 జనవరి 15 అనీ, ఇంగ్లీషువాళ్ళ పుస్తకంలో 1640 జనవరి 5 అనీ పడుతుంది. ఒకే ఓడ, ఒకే ఉదయం. గోల్కొండ నవాబు గుమాస్తా హిజ్రీలో రాసుకుంటాడు, మన కోమటి తిథి వేసుకుంటాడు. అయినా చరిత్రకారులు ఈ చిక్కు విప్పగలుగుతున్నారు. ఏ పుస్తకం ఎవరు రాశారో తెలుసు కాబట్టి, దాన్నిబట్టి లెక్క సరిచేస్తారు. నా సి.ఎస్.వి. ఫైల్లో ఆ ఆనవాలు లేదు. ఎవరు రాశారో, ఏ పద్ధతిలో రాశారో దాని ముఖం చూస్తే తెలియదు. మూడు వందల ఎనభై ఏళ్ళ కిందటి గిడ్డంగి పుస్తకం కంటే అన్యాయంగా ఉంది.

ఈ మాట చెబితే తోటి ప్రోగ్రామర్లు తేలిగ్గా తీసేస్తారు. "ఫార్మాట్ సెల్స్‌లోకి వెళ్ళి మార్చుకోమను" అంటారు. నేను కూడా ఆ కుర్రాడితో అదే అన్నాను. అది జరగదు. ఫార్మాట్ మారిస్తే చొక్కా మారుతుంది తప్ప లోపల 8138 మళ్ళీ 8374 అవదు. అక్షరాలుగా ఉండిపోయిన గడులకైతే ఏ చొక్కా పట్టదు. కొందరు ఇంకో ఉపాయం చెబుతారు, తేదీ అంతటినీ అక్షరాలుగానే పంపేస్తే ఎవడూ ముట్టుకోడని. ముట్టుకోడు నిజమే, కానీ పుట్టినతేదీ వరుసలో పేర్చమంటే 01-07-2004 కంటే 02-06-2009 తర్వాత, దాని తర్వాత 03-01-1998 వస్తాయి. వయసు లెక్క కట్టే సూత్రం ఏదో ఒకటి మళ్ళీ ఊహించుకుంటుంది. రోగం వాయిదా పడుతుంది అంతే.

కోడు రాసే తమ్ముళ్ళకి నేను చెప్పగలిగింది ఇది. పైథాన్‌లో రాస్తున్నారనుకోండి. చేతికి వచ్చిన అక్షరాలని ముందు నిజమైన తేదీగా మార్చాలి, మార్చేటప్పుడు పద్ధతి మీరే చెప్పాలి. పాండాస్‌కి ఊరికే "తేదీగా మార్చు" అని వదిలేస్తే అది నెల ముందనుకొని మొదలుపెడుతుంది. పాత వెర్షన్లలో ఒక్కో గడిని ఒక్కోలా చదివేసి నోరు మెదపకుండా ఊరుకునేది. 2023లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి మొదటి తేదీని చూసి ఒకే పద్ధతి ఊహించుకొని, దానికి సరిపడని తేదీ తగలగానే ఎర్రర్ చెప్పి ఆగుతోంది. ఆగితే విసుక్కోకండి, అది మన మేలుకే ఆగింది. పద్ధతి రాసేటప్పుడు ఒక జాగ్రత్త. చిన్న ఎం అంటే నెల, పెద్ద ఎం అంటే నిమిషం. తొందరలో పెద్ద ఎం కొడితే 04-12-1922 కాస్తా ఏ గొడవా లేకుండా 1922 జనవరి 4, అర్ధరాత్రి 12 గంటల 12 నిమిషాలు అవుతుంది. సంవత్సరానికి పెద్ద వై వాడి నాలుగంకెలూ అడగండి. రెండంకెల సంవత్సరమైతే పైథాన్ 69 నుంచి 99 వరకు పంతొమ్మిది వందల్లో వేస్తుంది, 68 లోపు రెండు వేలలో వేస్తుంది. 1965లో పుట్టిన మన పెద్దన్న ఒకరు 2065లో పుట్టబోతారు.

తేదీ చేతికి వచ్చాక దాన్ని తేదీగానే ఎక్సెల్ ఫైల్లోకి రాయండి, సి.ఎస్.వి.గా వద్దు. పాండాస్‌లో ఎక్సెల్ రైటర్‌కి తేదీ ఎలా కనిపించాలో చెప్పే వీలుంది. ఓపెన్‌పైఎక్సెల్‌లో గడి గడికీ చెప్పొచ్చు. అప్పుడు లోపల సంఖ్య సరిగ్గా కూర్చుంటుంది, ఏ దేశం సెట్టింగు ఉన్నా అది మారదు. పైకి కనిపించే రూపానికి నెలని అంకెలో కాక అక్షరాల్లో చూపించే పద్ధతి పెట్టండి, నెల అక్షరం మూడుసార్లు కొడితే చాలు. 01-జూన్ అని కనిపించేదాన్ని చూసి రాసుకునేవాడు పొరబడలేడు. తప్పనిసరిగా సి.ఎస్.వి.యే పంపాల్సి వస్తే సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు: 1922-12-04. 1988లో వచ్చిన ఐ.ఎస్.ఓ. 8601 ప్రమాణం చెప్పేది ఇదే. దీన్ని అటు సెట్టింగూ ఇటు సెట్టింగూ ఒకేలా చదువుతాయి. అక్షరాలుగా పేర్చినా వరుస తప్పదు. అయితే సి.ఎస్.వి.ని ఎక్సెల్‌లో తెరిచి మళ్ళీ సి.ఎస్.వి.గానే సేవ్ చేస్తే ఆ కంప్యూటర్ తన అలవాటులో తిరగరాస్తుంది. చూడాలంటే నకలు చూడమనండి.

జావాస్క్రిప్ట్ వాడేవాళ్ళకి ఒక్క ముక్క. మన సమయం గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందు. మన అర్ధరాత్రి అక్కడ ముందురోజు సాయంత్రం ఆరున్నర. పుట్టినతేదీకి గంటలు తగిలించి అటు మార్చి పంపారంటే జూన్ 1 కుర్రాళ్ళందరూ మే 31న పుడతారు. పుట్టినతేదీకి గంటలెందుకు?

ఇది పల్లెటూరి హాస్టల్ సమస్య అనుకోకండి. జన్యువుల మీద పనిచేసే శాస్త్రవేత్తలకీ ఇదే తగిలింది. కొన్ని జన్యువుల పొట్టి పేర్లు మార్చ్-1, సెప్ట్-2 లాగా ఉంటాయి. ఎక్సెల్ వాటిని తేదీలనుకొని మార్చేసేది. ఎక్సెల్‌లో జన్యువుల జాబితా జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక పరిశీలన తేల్చింది. చివరికి 2020లో ఆ జన్యువుల పేర్లే మార్చుకున్నారు. వాళ్ళకి ఆ వీలుంది. ఎక్సెల్ కోసం మనం ఇంకోసారి పుట్టలేం కదా.

ఈ విషయంలో పాత గుమాస్తాలు మనకంటే తెలివైనవాళ్ళని నాకు ఇప్పుడనిపిస్తుంది. మన బడి అడ్మిషన్ రిజిస్టరు చూడండి, టెన్త్ సర్టిఫికెట్ చూడండి. పుట్టినతేదీ అంకెల్లో ఉంటుంది, పక్కనే అక్షరాల్లో కూడా ఉంటుంది. చిన్నప్పుడు నాకది కాగితం నింపడానికి వేసిన ముచ్చటలా ఉండేది. ఎవడో ఎప్పుడో తలకిందులుగా చదివి దెబ్బతిని ఉంటాడు, అప్పటినుంచి అక్షరాల్లో కూడా రాయమని ఉంటారు.

ఇంకొకటి కూడా. తేదీ తెలియనప్పుడు తెలిసినట్టు రాయకూడదు. సంవత్సరం మాత్రమే తెలిస్తే ప్రోగ్రాములు సొంతంగా జనవరి 1 తగిలిస్తాయి. రెండేళ్ళ తర్వాత ఆ జాబితా చూసినవాడికి అది అసలు తేదీయో, మిషను వేసిందో తెలియదు. సంవత్సరానికి వేరే గడి, "అంచనా" అని రాయడానికి ఇంకో గడి పెట్టడం కష్టమేం కాదు. మా అమ్మ పుట్టినతేదీ గడిలో నేను ఏమీ రాయలేదు. ఊరు రాశాను, ఉప్పెనకి ముందు అని రాశాను.

ఆ కుర్రాడి సంగతి చెప్పలేదు. టెన్త్ సర్టిఫికెట్టు, టి.సి. తీసుకొని నేను కూడా వెళ్ళి, తప్పు ప్రింటు నాదేనని రాసిచ్చాక సరిచేశారు. ఆ ఏడాది రెండో టర్ము ఫీజుకి వాళ్ళ నాన్న అప్పు చేశాడు. స్కాలర్‌షిప్పు ఆ తర్వాత వచ్చింది. వడ్డీ రాలేదు.

ఈసారి పూర్వ విద్యార్థుల జాబితా కూడా నా చేతికే ఇచ్చారు, పెద్ద మనసుతో. సంచిక చివర ఫారం అతికించాం. అందులో పుట్టినతేదీకి మూడు గడులు విడివిడిగా ఉన్నాయి. రోజు అంకెల్లో వేయండి, నెల పేరు అక్షరాల్లో రాయండి, సంవత్సరం నాలుగంకెలూ వేయండి. తెలియని గడి ఖాళీగా వదిలేయండి. నింపినవి మెస్సు గది పక్కన పెట్టిన డబ్బాలో వేస్తే చాలు.